అట తీసేసి చెప్పు

పొద్దున షట్టరు ఎత్తగానే టైలరు చేసే మొదటి పని మిషనుకు నూనె వెయ్యడం. రెండోది బావ కోసం కుర్చీ తుడవడం. బావ వస్తాడు, కళ్ళజోడు పెట్టుకుంటాడు, పేపరు విప్పి రాజకీయాలన్నీ దాటేసి లోపలి పేజీలో సైన్సు వార్తల దగ్గర ఆగుతాడు. రాజకీయాల్లో అబద్ధమేదో అందరికీ తెలుసు, చదివి లాభం లేదంటాడు. సైన్సు వార్తల్లో అయితే కాస్త వెతుక్కోవాలి, అందులో మజా ఉంది.

బావ వెనకే అక్క వస్తుంది. ఆవిడ స్టూలు గోడవార ఉంటుంది. గుండీలు, కాజాలు, చేతికుట్టు అంచులు ఆవిడ పని.

"కాఫీ తాగితే ఆయుష్షు పెరుగుతుందట!" అని బావ మొదలుపెట్టాడు.

పేపర్లో 'అట' లేదు. 'పెరుగుతుందని పరిశోధకులు వెల్లడించారు' అని ఉంది. బావ రిటైరయ్యేదాకా ఒక పత్రిక అచ్చుయంత్రం దగ్గర పనిచేశాడు. ఆ ఆఫీసులో 'అట' అన్నది అచ్చులో కనబడకూడదని నియమం. "అటలన్నీ ఏరిపారేసి వెల్లడించారు, తేల్చారు, స్పష్టం చేశారు అని వేసేవాళ్ళురా. విన్నమాట కాస్తా తెల్లారేసరికి చూసినమాట అయిపోయేది. వాళ్ళు పీకేసిన అటల్ని నేను తిరిగి నాటుతున్నా" అంటాడు. వార్త ఎంత పెద్దదైనా సరే, చివర అట తగిలించాకే ఆయన గొంతు దాటుతుంది.

"పోయిన నెల కాఫీ తాగితే ఆయుష్షు తగ్గుతుందన్నారు కదా బావా?" అని టైలరు గొంతు పెంచి అడిగాడు.

"ఆఁ?"

"తగ్గుతుందన్నారు కదా పోయిన నెల!"

"అవును, అప్పుడది కూడా అటే."

గోడవార నుంచి అక్క, సూది నుంచి కళ్ళెత్తకుండా, పెదాలు కదిలీ కదలకుండా అంది: "ఒక నెల తాగి ఒక నెల మానేస్తే సరి. ఎక్కడివాళ్ళం అక్కడే ఉంటాం."

టైలరుకు నవ్వాగలేదు. కుట్టు ఒంకర పోకుండా మిషను ఆపి మరీ నవ్వాడు. బావ కళ్ళజోడు మీదుగా చూసి, సంతోషించి, "నవ్వు, నవ్వు. నిజం చెబితే నవ్వే వస్తుంది" అన్నాడు.

ఆ కొట్లో సంగతంతా ఇదే. అచ్చుయంత్రాల హోరు బావ చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. ఎదురుగా నిలబడి గట్టిగా అంటే వినిపిస్తుంది. గోడవార గొణిగితే వినిపించదు. బావ చదువుతాడు, అక్క గొణుగుతుంది, టైలరు నవ్వుతాడు, బావ ఆ నవ్వును తన జేబులో వేసుకుంటాడు. "తనంతట తాను నడిచే కారొచ్చిందట" అని బావ అన్న రోజున, "తనంతట తాను లేచి మంచినీళ్ళు ముంచుకునే మొగుణ్ణి కనిపెట్టమను ముందు" అని అక్క గొణిగింది. చొక్కాలు మడతపెట్టే రోబో వార్త వచ్చిన రోజున, "ఉతికి ఆరేసిందెవరో రాయలేదే" అంది. ఆ రోజు బావ సాయంత్రందాకా హుషారుగా ఉన్నాడు. తన చదువుకు బావమరిది అంతలా నవ్వడం ఆయనకు గర్వంగా ఉండేది.

పక్కన మందుల షాపు. దాని యజమానిని వీధిలో అందరూ ఫార్వర్డు అంటారు. తన ఫోనులోకి వచ్చిన ఏ వార్తనైనా తన దగ్గర నిలవ ఉంచుకోడు, వెంటనే అందరికీ పంపేస్తాడు. బావకు ఏదీ నమ్మకపోవడం ఎలా అలవాటో, ఫార్వర్డుకు అన్నీ నమ్మడం అలా అలవాటు. ఇద్దరికీ రోజూ పడదు. రోజూ కలవకపోతే తోచదు.

ఆ మధ్యాహ్నం ఫార్వర్డు ఫోను పట్టుకుని వచ్చాడు.

"గురువుగారూ, ఇది మీ కోసమే. చెవి మిషన్ అట, బుద్ధి ఉన్న మిషన్! మనిషి మాట వేరు, రోడ్డు రొద వేరు అని దానంతటదే కనిపెడుతుంది."

"చేతి మిషన్ ఎందుకయ్యా? వీడు మొదట్నించీ కాలి మిషన్ మీదే కదా కుడుతున్నాడు."

"చేతి కాదండీ, చెవి! చెవి!"

"సవా? సవా మీటరు గుడ్డకి చొక్కా ఎక్కడవుతుంది? నీ పొట్టకసలే చాలదు."

ఫార్వర్డు టైలరు వైపు తిరిగి, "ఇదేదో సామెత ఉందే, చెవిటివాడి ముందు…" అని మొదలుపెట్టి, అక్క అక్కడే ఉందని గుర్తొచ్చి, మిగతాది మింగేశాడు. అక్క మాత్రం ఈసారి ఏమీ గొణగలేదు. దారం కొరికి, ఇంకో గుండీ తీసుకుంది.

ఆఖరికి బావ ఫోను లాక్కుని తనే చదువుకున్నాడు. చదివి నవ్వాడు. "బుద్ధి ఉన్న మిషనట. బుద్ధి ఉంటే నా చెవిలోకి ఎందుకొస్తుంది? నాకు బాగానే వినబడుతోందయ్యా. ఈ మధ్య జనమే నోట్లో నోట్లో మాట్లాడుకోవడం నేర్చారు." ఫోను తిరిగిచ్చి టీకి బయల్దేరాడు. ఫార్వర్డు కూడా ఆయన వెంటే, దారి పొడుగునా అరుస్తూ వెళ్ళాడు.

కొట్లో అక్కా తమ్ముడూ మిగిలారు.

"ఒరేయ్, దాని సంగతి ఆయనకు నువ్వు చెప్పాలి" అంది అక్క.

"దేని సంగతి?"

"ఆ చెవి మిషన్. బుద్ధి ఉన్నదో లేనిదో, ఏదో ఒకటి."

టైలరు ఆశ్చర్యపోయాడు. "ఏంటక్కా, నీకు బానే ఉంది కదా! ఏమన్నా వినబడదు, నోటికొచ్చింది అంటావు. ఏ ఇంట్లో ఆడదానికుంది ఆ సుఖం?"

అక్క నవ్వలేదు. "తిట్టడానికి బానే ఉంటుందిరా. తిట్టడమొక్కటే కాదుగా. ఇంట్లో నేను మాట్లాడ్డం మానేశాను, నీకు తెలుసా? కూర కావాలా, మందు వేసుకున్నావా, తలుపు వేశావా. ఇవి అరవగలను. కొన్ని మాటలు అరిచి చెప్పేవి కావు. ఈ మధ్య రాత్రిళ్ళు ఊరికే భయమేస్తోంది. ఎందుకో తెలీదు. 'నాకు భయమేస్తోంది' అని అరిచి చెబితే పక్కింటివాళ్ళు కర్రలు పట్టుకుని పరిగెత్తుకొస్తారు."

ఆ మాటకు టైలరుకు నవ్వొచ్చింది. సగంలో ఆగిపోయింది.

"నువ్వే చెప్పొచ్చుగా ఆయనకి?"

"చెప్పాను. కాగితం మీద రాసి కూడా చూపించాను. అక్షరదోషాలు దిద్ది ఇచ్చాడు. నీ మాటైతే వింటాడు. మీరిద్దరూ ఒక జట్టు."

చిక్కంతా అక్కడే ఉందని టైలరుకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ బావ అట అంటే తను ఆహా అన్నాడు. కొత్తగా వచ్చిన ప్రతి యంత్రాన్నీ ఇద్దరూ కలిసి ఉతికి ఆరేశారు. ఇప్పుడు ఏ మొహంతో ఒక యంత్రం తరఫున మాట్లాడడం? ఇంకో చిక్కు కూడా ఉంది, అది అక్కకు చెప్పలేదు. బావకు చెవులొస్తే ఇన్నాళ్ళూ తను నవ్వింది ఎవరి మాటలకో ఆయనకు తెలిసిపోతుంది.

మర్నాడు అక్క ఇంకా రాకముందే కదిలించి చూశాడు.

"బావా, ఆ చెవి మిషన్లు మరీ అంత దండగేం కాదట."

బావ పేపరు దించాడు.

"ఏంట్రా అన్నావ్?"

"చాలామందికి బాగా పనిచేస్తున్నాయట!"

"చివర ఏమన్నావ్?"

"పనిచేస్తున్నాయట అన్నా."

"అదీ!" బావ తొడ చరుచుకున్నాడు. "నీ నోట్లోంచే వచ్చింది. అట తీసేసి చెప్పు చూద్దాం."

టైలరు నోరు తెరిచాడు. 'పనిచేస్తున్నాయి' అనబోయాడు. తను చూడలేదు, పెట్టుకోలేదు, పెట్టుకున్నవాళ్ళని అడగలేదు. ఇంగ్లీషులోనో ఇంకో భాషలోనో అయితే ఎలాగోలా దాటేసేవాడేమో. ఈ భాషలో విన్నదాన్ని చూసినట్టు చెప్పాలంటే చివర రెండక్షరాలు మింగాలి, ఎదుటివాడు బావ అయితే ఆ మింగడం గొంతులో కనిపిస్తుంది.

"చెప్పలేవు" అన్నాడు బావ, జాలిగా. "నా దగ్గర తయారైనవాడివి. అబద్ధం చెప్పలేవు." మళ్ళీ పేపరెత్తాడు. "మొక్కలకి కూడా భయమేస్తుందట. విన్నావా?"

టైలరు ఆ పూట నవ్వలేదు. సాయంత్రం జాకెట్లు ఇవ్వాల్సినవాళ్ళకి రేపిస్తానని చెప్పి, కొట్టు అక్కకు అప్పగించి బయల్దేరాడు. చెవుల పరీక్షలు చేసే చోటు బస్టాపు దాటాక, మెట్లెక్కితే మేడ మీద ఉంది. లోపల ఒక మేడమ్ ఉంది. టైలర్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా బటను నొక్కమంది. ఆయన అన్నిసార్లూ నొక్కాడు.

"మీ చెవులు శుభ్రంగా ఉన్నాయి. ఎందుకొచ్చారు?"

"నాకు కాదండీ, మా బావకి."

"మరి ఆయన్ని తీసుకురావాలి కదా?"

"ఆయన రావాలంటే నేను ముందు అట తీసెయ్యాలండీ."

మేడమ్‌కు అర్థం కాలేదు. టైలరు కూర్చుని మొత్తం చెప్పాడు: పేపరు, అచ్చుయంత్రం, పీకేసిన అటలు, తిరిగి నాటడం. మేడమ్ బల్ల మీద తల పెట్టి నవ్వింది. నవ్వాక కళ్ళు తుడుచుకుని, "మా నాన్నా ఇంతే" అంది. చూపించడానికి ఉంచిన మిషన్ ఒకటి తీసి, శబ్దం బాగా తగ్గించి, టైలరు చెవి వెనక తగిలించింది.

"చెవులు బాగున్నవాళ్ళకి ఇది పెట్టకూడదు. కాసేపే. ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండాయనకి. బాగున్నదే చెప్పి తీసుకొస్తే రెండో రోజు డ్రాయర్లో పడేస్తారు."

టైలరు దాంతో గదిలో అటూ ఇటూ నడిచాడు. కిటికీ దగ్గర నిలబడ్డాడు. తనలో తను ఏదో అనుకున్నాడు. కళ్ళు మూసుకుని మేడమ్‌ను మెల్లగా మాట్లాడమన్నాడు. కొత్త గుడ్డ తెస్తే పట్టి చూసినట్టు చూసి, తీసి ఇచ్చేశాడు.

మర్నాడు బావ పేపరు విప్పబోతుంటే టైలరు చేత్తో ఆపాడు. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"బావా, నిన్న నేను చెవి మిషన్ పెట్టుకుని చూశా."

"నువ్వా? నీకేం రోగం?"

"చెప్పేది విను. ఫ్యాను రొద పెద్దది. నెత్తిన తిరుగుతున్నట్టుంది. చొక్కా కాలరు మెడకి రాసుకుంటే గరగరమంటుంది, గంజి పెట్టిందైతే చెప్పక్కర్లేదు. నా గొంతు నాకే బిందెలోంచి వచ్చినట్టు వినిపించింది. చెవి వెనక దురద. తీసి అవతల పారేద్దామనిపించింది."

బావ మొహం వెలిగింది. "చెప్పానా!"

"ఇంకా అవలేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నా. ఆ మేడమ్ గది అవతలి మూల నుంచి మాట్లాడింది. గొంతు పెంచకుండా, మామూలుగా. మాట మాటగా వినిపించింది. నా పక్కన కూర్చుని చెప్పినట్టు వినిపించింది."

ఆ చివరి మాటలో ఏదైనా తగిలించి ఉందేమోనని వెతికినట్టు ఉంది బావ చూపు.

"వినిపించింది?" అన్నాడు.

"వినిపించింది."

"వినిపించిందట కాదు?"

"కాదు. నాకే వినిపించింది."

బావ పేపరు మడతను గోటితో నొక్కాడు. "పేపర్లో ఎప్పుడూ ఫ్యాను సంగతి రాయరు" అన్నాడు చివరికి. "ఫ్యాను సంగతి రాస్తే నేనూ నమ్ముదును." తరవాత, "ఎక్కడది? మెట్లెక్కాలా? ఎన్నింటికి తీస్తారు?" అని అడిగాడు.

వెళ్ళారు. పరీక్ష అయింది. కొన్నాళ్ళకి మిషన్ వచ్చింది. బావ దాన్ని పెట్టుకుని కొట్టుకొచ్చిన రోజున ఫార్వర్డు షాపు వదిలేసి వచ్చి, ఆయన చెవి వెనక ఫొటో తీసి, ఎవరెవరికో పంపాడు. "చూశారా గురువుగారూ, సైన్సు గెలిచింది!"

"మెల్లగా అనవయ్యా" అన్నాడు బావ. "ఇన్నాళ్ళూ ఇలాగే అరిచేవాడివా? వీధిలోవాళ్ళు నిన్నెలా భరించారు?" టైలరు వైపు తిరిగి, "ఫ్యాను గురించి చెప్పావు సరే, ప్లాస్టిక్ కవరు గురించి చెప్పలేదేం? దాని చిటపటకి ఎవరో ఇంటికి నిప్పంటించారనుకున్నా" అన్నాడు.

అంతా బాగానే ఉందనుకున్నారు. కానీ కొట్లో ఏదో తగ్గింది. అక్క గొణగడం మానేసింది. మిషన్ వచ్చిన రోజునుంచి ఆవిడ నోటికి తాళం పడింది. ఇంట్లోనూ అంతే. ఇన్నేళ్ళు పోగైన మాటల్ని ఏ కొసనుంచి విప్పాలో తెలియక, కూర కావాలా, తలుపు వేశావా దగ్గరే ఉండిపోయింది. అవి కూడా అలవాటుకొద్దీ అరిచే చెప్పేది, బావ చెవి మూసుకునేవాడు. కొట్లో బావ వార్తలు చదివేవాడు, కొసన అట తగిలించేవాడు, ఆగేవాడు. కుట్టుమిషను టకటకలు తప్ప ఏమీ వినబడేది కాదు. టైలరు ఒకటి రెండుసార్లు కావాలని నవ్వాడు. ఆ నవ్వు బావకు ఇప్పుడు స్పష్టంగా వినిపించింది, అది నవ్వు కాదని కూడా.

"ఏరా, నవ్వడం లేదు?"

"నవ్వుతున్నా కదా బావా."

"అది నవ్వా? ఇది పెట్టుకున్నాక నా జోకులు చచ్చాయిరా. ముందు పొట్ట పట్టుకుని నవ్వేవాడివి. చెవులొస్తే నోరు పోయినట్టుంది నాకు. ఈ సంబరానికి ఇదెందుకు, తీసి డబ్బాలో పెట్టేస్తా."

అక్క సూది ఆగింది. టైలరు ఆవిడ వైపు చూశాడు. చెప్పెయ్యమని కళ్ళతోనే అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

ఆ శనివారం స్కూలు యూనిఫారాల పని మీద పడింది. అక్క ఒళ్ళో చొక్కాల కుప్ప. నోట్లో దారం. చూపు గుండీ మీద. బావ చెవి మిషన్ పెట్టుకునే వచ్చాడు, కానీ ఇవాళో రేపో తీసేద్దామని దాని డబ్బా కూడా జేబులో వేసుకున్నాడు. పేపరు విప్పాడు.

"మనసులో మాట చదివే యంత్రం కనిపెట్టారట! తలకి టోపీలా పెడితే చాలట, నోరు విప్పక్కర్లేదట."

అక్క గుండీ బిగించి, దారం కొరికి, తనెక్కడుందో మరిచిపోయి అంది: "నోటి మాటకే దిక్కు లేదు, మనసులో మాటదాకా పోయారా."

టైలరు పక్కున నవ్వేశాడు. నవ్వేశాక నాలిక కరుచుకున్నాడు. అక్క చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది.

బావ పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మళ్ళీ అను" అన్నాడు.

"ఏం లేదు."

"విన్నాను. బాగుంది. మళ్ళీ అను."

ఆవిడ చొక్కాకి ఇంకో గుండీ వెతుక్కుంది. బావ టైలరు వైపు చూశాడు. "ఇన్నాళ్ళూ నువ్వు నవ్వింది వీటికా?"

టైలరు టేపు మెడలోంచి తీసి చుట్టసాగాడు. "కొన్ని నీవీ ఉన్నాయి బావా."

"కొన్ని." బావ ఆ మాటను కాసేపు నోట్లో ఉంచుకున్నాడు. కోపం వస్తుందని టైలరు ఎదురుచూశాడు. బావ కళ్ళజోడు తీసి చొక్కా కొసకి తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. కుర్చీని ఎత్తకుండా, చప్పుడు లేకుండా, గోడవారకు జరిపాడు. "ఎన్నేళ్ళనుంచే ఇది? ఇంకేమేం అన్నావు?"

"అన్నీ గుర్తుంటాయా ఏంటి?"

"గుర్తున్నవే చెప్పు. అరవకు. వినిపిస్తుంది."

అక్క చొక్కాను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. టైలరు వైపు ఒకసారి చూసింది.

టైలరు కాలు పెడలు మీదే ఉంది. ఆయన దాన్ని తీశాడు. ఫ్యాను కట్టేశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటి, బయట వేసుకుని, మందుల షాపు కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. అక్కణ్ణించి తన కొట్టు సగం కనబడుతుంది. అక్క ఏదో చెబుతోంది. చేతులు ఊపకుండా, మెడనరాలు బిగవకుండా చెబుతోంది. బావ చెవి అటు పెట్టి, నేల చూస్తూ వింటున్నాడు.

"ఏంటి, మిషను ఆగింది?" అన్నాడు ఫార్వర్డు. "కరెంటు పోయిందా?"

"నాది కాలి మిషనయ్యా. కరెంటుతో పనేంటి?"

"మరి?"

చేతిసంచితో ఒకాయన కొట్టు మెట్టెక్కబోతున్నాడు. టైలరు ఇక్కణ్ణించే చెయ్యెత్తి, అరవకుండా, కాసేపాగి రమ్మని సైగ చేశాడు. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

"నీ ఫోనులో కొత్త వార్తలేమైనా ఉన్నాయా?" అన్నాడు టైలరు.

ఫార్వర్డు నమ్మలేనట్టు చూశాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న తనను ఎవరూ అడగలేదు. "ఉంది. సముద్రం అడుగున ఊళ్ళు కట్టడం గురించి. కాకపోతే బాగా పొడుగు."

టైలరు స్టూలు లాక్కుని, తన కొట్టుకు వీపు తిప్పి కూర్చున్నాడు.

"పొడుగైతే మరీ మంచిది. మొదట్నించీ చదువు."